నిదానమే ప్రధానము

'నిదానము' అను మాటకు తెలుగున రెండర్థములు కలవు. తొందరపడకుండుట యొకటి, రోగమునకు మూలమేదో కనుగొనుట మరియొకటి. ప్రసిద్ధ వైద్యగ్రంథమైన 'మాధవ నిదానము'నకు ఆ పేరు ఈ రెండవ యర్థముననే వచ్చినది. 'నిదానమే ప్రధానము' అని పెద్దలు పలికినప్పుడు సాధారణముగా మనము మొదటి యర్థమునే గ్రహింతుము. రెండవ యర్థమును గూడ కలిపి చదువుకొన్నచో ఆ సామెత వైద్యులకే కాదు, చెడిన కంప్యూటరు ముందు కూర్చున్న ఉపాధ్యాయునకును, విద్యార్థికిని పనికివచ్చును. ఈ సంగతిని గ్రహించుటకు నెల్లూరు తీరమున జరిగిన కొన్ని సంఘటనలే చాలును.

ఆదివారపు ఉదయము

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట ద్వీపమున్నది. 1971 అక్టోబరు 9వ తేదీన ఒక చిన్న రోహిణి రాకెట్టుతో అచ్చట ప్రయోగములు మొదలైనవి. 2002లో ఆ కేంద్రమునకు సతీశ్ ధావన్ పేరు పెట్టిరి. నెల్లూరు జిల్లాలో దశాబ్దములపాటు ఉన్న ఆ ద్వీపము, 2022 ఏప్రిల్ నెలలో జరిగిన జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట ప్రాంతముతోపాటు తిరుపతి జిల్లాలో చేరినది.

ఆ సంవత్సరమే ఆగస్టు 7వ తేదీ, ఆదివారము ఉదయము 9 గంటల 18 నిమిషములకు అచ్చటినుండి ఒక కొత్త రాకెట్టు లేచినది. చిన్న ఉపగ్రహములను తక్కువ వ్యయముతో పంపుటకై నిర్మించిన ఎస్.ఎస్.ఎల్.వి. అను వాహనమునకు అదియే తొలి ప్రయాణము. 34 మీటర్ల పొడవు, సుమారు 120 టన్నుల బరువు గల ఆ వాహనము మోసికొనిపోయిన వానిలో 'ఆజాదీశాట్' అను 8 కిలోల చిన్న ఉపగ్రహమొకటి యుండెను. స్వాతంత్ర్యము వచ్చి 75 సంవత్సరములు నిండుచున్న సందర్భమున, దేశమందలి 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు అందులోని చిన్న చిన్న పరికరములను కూర్చిరి. ఒక్కొక్క పరికరము బరువు ఇంచుమించు 50 గ్రాములు మాత్రమే. పల్లెటూరి బడిపిల్లలు తమ చేతులతో అతికిన తీగెలు ఆకాశమున తిరుగవలసిన దినమది.

మూడు దశలును సక్రమముగా మండినవి. కాని ఉపగ్రహములు చేరవలసిన చోటికి చేరలేదు. 356 కిలోమీటర్ల ఎత్తున వలయాకారపు కక్ష్యలో నిలువవలసినవి, ఒకవైపు 356, మరియొకవైపు 76 కిలోమీటర్ల ఎత్తుగల దీర్ఘవృత్త కక్ష్యలో పడినవి. 76 కిలోమీటర్ల ఎత్తున గాలి యింకను ఉన్నది. ఆ రాపిడికి ఉపగ్రహము నిలువదు. బాలికల పరికరములు పనిచేయకముందే నశించినవి.

కారణమేమి? ఇంధనము చెడలేదు, యంత్రము విరుగలేదు. రెండవ దశ విడిపోయిన క్షణమున వాహనము కొంత గట్టిగా అదరినది. ఆ యదురుపాటును త్వరణమును కొలుచు పరికరములు గ్రహించినవి. అతి స్వల్పకాలము మాత్రము వాని కొలతలు అవధిని దాటినవి. రాకెట్టులోని కంప్యూటరునందు దోషములను పసిగట్టుటకై వ్రాసిన ప్రోగ్రామొకటి యుండును. 'ఈ పరికరములన్నియు చెడిపోయినవి' అని అది తీర్పు చెప్పినది. వాస్తవమునకు అవి చెడలేదు. అయినను కంప్యూటరు వానిని నమ్ముట మాని, ఆపత్కాలమునకై ముందుగా నిర్ణయించిన మార్గమును పట్టినది. ఆ మార్గమున పోయిన వాహనమునకు కావలసిన వేగము చాలలేదు.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. రాకెట్టును పడవేసినది రోగము కాదు, వైద్యము. దోషమును పట్టుటకు పెట్టిన ప్రోగ్రామే ఆరోగ్యమును రోగమనుకొన్నది. ఆ ప్రోగ్రాము తెలివితక్కువది కాదు. ఈ కొత్త దేహము ఎంత అదరునో దానిని వ్రాసినవారి యంచనాకు అందలేదు, అంతే.

అదే తీరమున అంతకు ముందు

శ్రీహరికోటకు ఇట్టి పాఠములు కొత్తవి కావు. 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగము జరిగినది. లెక్కింపు చివరి నిమిషములలో భూమిమీది కంప్యూటరు ప్రయోగమును నిలిపివేసినది. నిపుణులతో సంప్రదించి, ఆ హెచ్చరికను పక్కకు పెట్టి, తానే ప్రయోగమునకు ఆజ్ఞ యిచ్చితినని ఆ ప్రణాళికకు నాయకుడైన డాక్టర్ అబ్దుల్ కలాం తరువాతి కాలమున తన ప్రసంగములలో పలుమారులు చెప్పుకొన్నారు. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లము కారిపోయి, ఆ వాహనము బంగాళాఖాతమున కూలినది. 1980 జులై 18వ తేదీన అట్టిదే మరియొక వాహనము విజయము సాధించినది.

1993 సెప్టెంబరు 20వ తేదీన పి.ఎస్.ఎల్.వి. తొలి ప్రయాణము. అప్పుడును రెండవ దశ విడిపోవునప్పుడే అనుకొనని కుదుపు కలిగినది. వాహనమును సరిదిద్దుటకు కంప్యూటరు లెక్కకట్టిన విలువ, ప్రోగ్రాములో దానికి కేటాయించిన హద్దును మించినది. లెక్క తప్పినది, ఐ.ఆర్.ఎస్.-1ఇ ఉపగ్రహముతో సహా వాహనము సముద్రము పాలైనది. ఆ దోషమును సవరించి 1994 అక్టోబరు 15వ తేదీన మరల ప్రయోగింపగా పి.ఎస్.ఎల్.వి. గెలిచినది.

హద్దు మించుట యననేమో పిల్లలకు సులభముగా చెప్పవచ్చును. మోటారు వాహనమున మైళ్ల లెక్క చూపు చక్రములను ఎరుగుదుము గదా! అయిదు అంకెల చోటు మాత్రమే యున్నచో 99,999 తరువాత లక్ష రాదు, అన్నియు సున్నలగును. బండి నడచినది నిజము. లెక్క మాత్రము కొత్తబండి యని చెప్పును. కంప్యూటరులో ప్రతి సంఖ్యకును ఇట్లే కొలిచియిచ్చిన గది యుండును. గది చాలనప్పుడు సంఖ్య తలక్రిందులగును.

మూడు సంవత్సరముల తరువాత, 1996 జూన్ 4వ తేదీన, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా తీరమున ఐరోపా దేశముల ఏరియన్-5 రాకెట్టునకు ఇదే గతి పట్టినది. అందులో దిశను తెలుపు ప్రోగ్రామును ఏరియన్-4 నుండి తెచ్చి యట్లే యుంచిరి. పాత రాకెట్టులో అది నమ్మదగిన ప్రోగ్రామే. కాని కొత్త రాకెట్టు బయలుదేరిన కొద్ది సెకనులలోనే పాతదానికన్న ఎక్కువ అడ్డవేగమును అందుకొనును. ఆ సంఖ్య 32,767 వరకు మాత్రమే పట్టు గదిలో ఇమడలేదు. ప్రధాన పరికరము ఆగిపోయినది. దానికి తోడుగా పెట్టిన రెండవ పరికరములోను అదే ప్రోగ్రాము ఉండుటచేత అదియు ఆగినది. బయలుదేరిన సుమారు 40 సెకనులలో వాహనము ముక్కలైనది. పాత మందు మంచిదే. దేహము మారినదను మాట ఎవరును దానికి చెప్పలేదు.

బడిలోని కంప్యూటరు

రాకెట్టుల మాట అటుండనిండు. కావలి మొదలు వాకాడు వరకు గల తీరప్రాంతపు బడిలో ఒక కంప్యూటరు ఉన్నదనుకొందము. ఉప్పుగాలి లోహపు కొనలను తినును. తుపాను దినములలో చెప్పకుండ కరెంటు పోవును. ఒకనాడు కంప్యూటరు తెరువగా పిల్లల మార్కుల పట్టికలు కనిపింపవు. అచ్చటి ఉపాధ్యాయుడేమి చేయును? బీరువాలో దాచిన పాత మరమ్మతు ప్రోగ్రామును తీసి, కొత్త కంప్యూటరు మీద నడుపబోవును. పాత కంప్యూటరును రెండుమార్లు బ్రతికించిన ప్రోగ్రామది. ఆయన విశ్వాసములో తప్పులేదు. తప్పు మరియొకచోట నున్నది.

డిస్కు అనునది గ్రంథాలయము వంటిది. పుస్తకములు అలమరలలో నుండును. ఏ పుస్తకము ఏ అరలో నున్నదో తెలుపు పట్టిక వేరుగా నుండును. డిస్కును చిన్న చిన్న గదులుగా విభజించి, ఏ ఫైలు ఏ గదులలో నున్నదో ఒక పట్టికలో వ్రాయుదురు. వ్రాయుచుండగా కరెంటు పోయినచో పట్టిక యొకటి చెప్పును, గదులలో మరియొకటి యుండును. మరమ్మతు ప్రోగ్రాము చేయు పని ఈ రెంటిని పోల్చి పొత్తు కుదుర్చుట. పూర్వము కోమటి కొట్టున చిట్టాను ఆవర్జాతో సరిచూచుకొన్నట్టి పనియే యిది. నేటి ఫైలు వ్యవస్థలలో పెక్కింటికి నిజముగనే ఒక చిట్టా యున్నది. చేయబోవు మార్పును ముందుగా అందులో వ్రాసికొని, పిమ్మట అసలు పట్టికను మార్చును. కరెంటు పోయినను ఆ చిట్టాను చూచి అది తనంతట తానే చాలవరకు సరిదిద్దుకొనగలదు.

పట్టిక వ్రాయు పద్ధతి మారినప్పుడు పాత లెక్కరికి కొత్త పుస్తకము తప్పులతడకగా కనిపించును. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు ఇట్లే జరిగినది. అంతకుముందు ఫైలు పేరునకు ఎనిమిది అక్షరములు, చివర మూడక్షరముల తోక మాత్రమే యుండెడివి. కొత్త వ్యవస్థ పొడవైన పేర్లను అనుమతించి, వానిని పాత పట్టికలోనే ఒక విచిత్రమైన గుర్తుతో దాచినది. పాత మరమ్మతు ప్రోగ్రాములకు ఆ గుర్తు తెలియదు. అవి దానిని రోగముగా భావించి శుభ్రముగా తుడిచివేసినవి! ఫైళ్లు మిగిలినవి, పొడవైన పేర్లు పోయినవి. శ్రీహరికోటలో 2022లో జరిగిన పొరపాటునకు ఇది తోబుట్టువు: ఆరోగ్యమును రోగమనుకొనుట.

రెండవది హద్దు మించుట. డిస్కును విభజించు పాతపద్ధతిలో గదుల సంఖ్యను వ్రాయుటకు 32 బిట్ల చోటు మాత్రమే కలదు. గదికి 512 బైట్ల చొప్పున లెక్కించినచో అది సుమారు 2 లక్షల 20 వేల కోట్ల బైట్లకు, అనగా 2 టెరాబైట్లకు కొంచెము పైన, ఆగిపోవును. అంతకన్న పెద్ద డిస్కును ఆ పాతపద్ధతి మాత్రమే తెలిసిన ప్రోగ్రాము సరిగా లెక్కింపలేదు. 1993 నాటి రాకెట్టు లెక్కలోని చిక్కే ఇదియు. అందుచేతనే జి.పి.టి. అను కొత్త విభజనపద్ధతి వచ్చినది. దానిని రూపొందించినవారు పాతప్రోగ్రాముల స్వభావము నెరిగినవారు. కావుననే డిస్కు మొదట పాతకాలపు పట్టిక నొకదానిని ఉంచి, అందులో 'ఈ స్థలమంతయు నిండియున్నది' అని వ్రాయు ఏర్పాటు చేసిరి. పాతప్రోగ్రాము వచ్చి, ఖాళీస్థలమనుకొని పాడుచేయకుండుటకు అది వాకిట కట్టిన దిష్టిబొమ్మ.

మూడవది దేహమే మారుట. పూర్వపు డిస్కులో తిరుగు పళ్లెములుండెడివి. నేటి కొత్త కంప్యూటర్లలో పెక్కింట చలనములేని ఎస్.ఎస్.డి. ఉన్నది. పాత డిస్కున ఫైలును తుడిచినచో పట్టికలో పేరు పోవునే గాని, మరియొకటి వచ్చి పైన పడువరకు గదిలోని విషయము మిగిలియుండును. మరమ్మతు ప్రోగ్రాము దానిని తవ్వితీయగలదు. ఎస్.ఎస్.డి.లో అట్లు కాదు. ఫైలును తుడిచిన పిదప 'ఈ గదులు అక్కరలేదు' అని కంప్యూటరు డిస్కునకు తెలుపును. డిస్కు తన తీరిక చూచుకొని వానిని నిజముగనే ఖాళీ చేసికొనును. తరువాత ఎంత గొప్ప ప్రోగ్రాము వెదకినను అచ్చట దొరకునది శూన్యమే. అట్లే, చెల్లాచెదరైన ముక్కలను ఒకచోట చేర్చు పాత చికిత్స పళ్లెపు డిస్కునకు మేలు చేసెడిది. ఎస్.ఎస్.డి.కి దాని యవసరము లేదు. వట్టి వ్రాతలతో దాని ఆయువు కొంత తరుగును.

ఒక్కొక్కప్పుడు పాత ప్రోగ్రాము అసలు తెరుచుకొననే తెరుచుకొనదు. ఆపిల్ కంప్యూటర్లలో 2017లో ఫైలు వ్యవస్థ మారినది. 2019లో వచ్చిన కెటలినా అను వ్యవస్థ మొదలు 32 బిట్ల పాతప్రోగ్రాములు నడువవు. దీనికి విసుగుకొనువారున్నారు. కాని ఆలోచించినచో అది మేలే. 'ఈ రోగము నాకు తెలియదు' అని వెనుదిరిగిన వైద్యుడు, తెలియక మందిచ్చిన వైద్యునికన్న ఉత్తముడు గదా!

చికిత్సకు ముందు

కాబట్టి పట్టికలు కనిపింపనినాడు బడిలోని ఉపాధ్యాయుడు మొదట చేయవలసినది ఏమియు చేయకుండుట. కొత్త ఫైళ్లు వ్రాయరాదు. కొత్త ప్రోగ్రాములను ఆ డిస్కుమీదికి ఎక్కింపరాదు. డిస్కునుండి టకటకమను శబ్దము వచ్చుచున్నచో అది లోపలి యంత్రభాగము చెడిన గుర్తు. ఏ ప్రోగ్రామును దానిని బాగుచేయలేదు. వెంటనే ఆపి, తెలిసినవారికి అప్పగింపవలయును.

శబ్దములేనిచో రెండవ పని నకలు. డిస్కునంతను ఉన్నదున్నట్లుగా మరియొక డిస్కునకు ఎత్తుకొనవలయును. చికిత్స ఆ నకలు మీద జరుగవలయును గాని అసలు మీద కాదు. చికిత్స వికటించినను అసలు మిగిలియుండును. తాళపత్రమునకు ప్రతి వ్రాసికొని, ఆ ప్రతిమీద దిద్దుబాట్లు చేసిన పూర్వుల పద్ధతి యిదియే.

మూడవది నిదానము. ఇది తిరుగు డిస్కా, ఎస్.ఎస్.డి.యా? విభజనపద్ధతి పాతదా, కొత్తదా? ఫైలు వ్యవస్థ యేది? చేతనున్న ప్రోగ్రాము ఏ సంవత్సరమున తయారైనది, ఏ వ్యవస్థలను ఎరుగునని దాని తయారీదారులు చెప్పిరి? ఈ ప్రశ్నలకు జవాబులను కాగితముమీద వ్రాసికొనవలయును. ప్రోగ్రాము వయస్సు డిస్కు వయస్సుకన్న ఎక్కువైనచో దానిని పక్కన పెట్టవలయును. కంప్యూటరుతోపాటు వచ్చిన మరమ్మతు సాధనము దాని ఫైలు వ్యవస్థను ఎరిగినదై యుండును గనుక మొదట దానినే ఆశ్రయించుట మంచిది.

నాలుగవది, చూచుటకును దిద్దుటకును గల భేదము. విండోసునందలి చెక్‌డిస్క్ అను సాధనమునకు దిద్దుమని ప్రత్యేకముగా చెప్పనిచో అది పరీక్షించి నివేదిక మాత్రమే యిచ్చును. మొదట అంతవరకే పోవలయును. నివేదికలో వేలకొలది దోషములు కనిపించినచో సంతోషించి 'అన్నియు దిద్దుము' అనరాదు. అన్ని దోషములు ఒక్కసారి కనిపించుట డిస్కు చెడినందువలననా, లేక చూచువాని కన్ను చెడినందువలననా అని సందేహింపవలయును. ఆ రాకెట్టులో త్వరణమును కొలుచు పరికరములన్నియు ఒకే క్షణమున చెడినవని కంప్యూటరు చెప్పినప్పుడు అడుగవలసిన ప్రశ్నయు ఇదియే. అన్నియు ఒక్కమారే చెడుట అరుదు. కొలబద్ద తప్పుట తరచు.

ఇంతకు మించినది ముందుచూపు. మార్కుల పట్టికకు వేరొకచోట ఎల్లప్పుడును ఒక ప్రతి యున్నచో, ఈ చికిత్స యేదియు ప్రాణసంకటము కాదు. ఏరియన్ కథ చెప్పునట్లు, ఆ ప్రతి అదే కంప్యూటరులో, అదే డిస్కులో ఉండరాదు. ఒకదానిని పడవేసిన దోషము రెండవదానిని కూడ పడవేయును.

మరల అదే వేళకు

2022 ఆగస్టు నాటి వైఫల్యమునకు మూలమును కనుగొన్న పిదప శాస్త్రజ్ఞులు ప్రోగ్రామును మాత్రమే మార్చి ఊరకొనలేదు. రెండవ దశ విడిపోవు ఏర్పాటును తక్కువ అదురు కలిగించు పద్ధతికి మార్చిరి. దోషమును నిర్ణయించు ప్రోగ్రాము వెంటనే తీర్పు చెప్పక మరికొంతసేపు గమనించునట్లు చేసిరి. అనగా 'నిదానము'నకు గల రెండర్థములను ఆ యంత్రమునకు నేర్పిరి.

2023 ఫిబ్రవరి 10వ తేదీన, మరల ఉదయము 9 గంటల 18 నిమిషములకే, రెండవ ఎస్.ఎస్.ఎల్.వి. శ్రీహరికోటనుండి బయలుదేరినది. అందులో 'ఆజాదీశాట్-2' ఉన్నది. దానిలోను బడిపిల్లలు కూర్చిన పరికరములున్నవి. ఈసారి 450 కిలోమీటర్ల ఎత్తున, చేరవలసిన కక్ష్యకే చేరినవి.

మొదటి ఉపగ్రహము పోయినప్పుడు ఆ బాలికలకు కలిగిన దుఃఖమును తక్కువచేసి చెప్పరాదు. అయితే పోయినదేదో, ఎందుకు పోయినదో తెలిసికొనుటవలననే రెండవది నిలిచినది. బడిలోని కంప్యూటరు చెడిననాడు ఉపాధ్యాయుడు విద్యార్థులను దూరముగా పొమ్మనక దగ్గరకు పిలిచి, నకలు తీయుట, ప్రశ్నలు వ్రాసికొనుట, నివేదిక చదువుట వారిచేతనే చేయించినచో, ఆ పూట పోయిన పాఠమునకు బదులు మరియొక పాఠము చెప్పినవాడగును.